పాస్ పుస్తకంలో మొదటి పేరు

మా హాడెన్‌షాలో ఎవరి అభిప్రాయం ఏమిటో అందరికీ తెలుసు. అందులో సగం అభిప్రాయాలు నా షాపులోనే పుట్టాయి కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. ఒక్క మేవిస్ ఓల్డ్‌రాయిడ్ అభిప్రాయం మాత్రం ముప్పై నాలుగేళ్లపాటు ఎవరికీ దొరకలేదు. వాతావరణం గురించి అడిగినా ఆవిడ కిటికీలోంచి చూసి, "వాన పడుతోంది" అనేది తప్ప మంచి వానో చెడ్డ వానో చెప్పేది కాదు.

నేను ఆడ్రీని. ఆడవాళ్లకి జుట్టు కత్తిరించి, రోలర్లు చుట్టి, డ్రైయర్ల కింద కూర్చోబెట్టే షాపు నాది. మేవిస్ పని చేసే బిల్డింగ్ సొసైటీకీ నా షాపుకీ మధ్య ఒకటే గోడ, అదీ పల్చటిది. అవతల ఆవిడ స్టాంపు కొడితే ఇవతల నా అద్దం కింద దువ్వెనలు కదిలేవి. స్టాంపు చప్పుడు ఆగిపోతే టీ వేళయిందని నేను కెటిల్ పెట్టేదాన్ని.

సొసైటీ అంటే బ్యాంకు కాదు. నూట ఇరవై ఏళ్ల కిందట నేతమిల్లు మనుషులు నలభై మంది పబ్బు పైగదిలో కూర్చుని, అందరం వారం వారం కొంత వేద్దాం, వంతులవారీగా ఇళ్లు కట్టుకుందాం అనుకుని మొదలెట్టింది. ఇప్పటికీ అందులో ఖాతా ఉన్న ప్రతివాళ్లూ దానికి యజమానులే. నేనూ యజమానినే. అయినా నన్ను చూసి మేవిస్ ఏనాడూ లేచి నిలబడలేదు.

ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. బూడిదరంగు ఉన్ని చొక్కా, గొలుసుకి వేలాడే కళ్లద్దాలు, చేతిసంచిలో పిప్పరమెంట్లు. కౌంటరు మీద ఆవిడ మాట్లాడేవి మూడే మాటలని ఊళ్లో అనుకునేవాళ్లం. "తరవాతివారు." "ఇక్కడ సంతకం." "గొడుగు మర్చిపోతున్నారు." సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి కార్డు మనవైపు తిప్పేది. ఆ గుర్తు దగ్గర మా ఊరు ఊరంతా కళ్లు మూసుకుని సంతకం పెట్టింది. ఆ తరవాత జరిగిన గొడవకంతా మూలం అదే.

మా దగ్గర ఒక అలవాటు ఉంది. మగవాడు శుక్రవారం సాయంత్రం జీతం కవరు విప్పకుండా తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాలి. ఆవిడ విప్పి, అతని బీరుకీ సిగరెట్లకీ కొంత తిరిగి ఇస్తుంది. కవరు విప్పి తెచ్చినవాణ్ణి ఊరు మనిషిగా లెక్కవేయదు. అందువల్ల సొసైటీ మెట్లెక్కేది ఆడవాళ్లే. మగవాళ్లు పెళ్లయిన కొత్తలో ఒక్కసారి వచ్చి, జాయింట్ ఖాతా కార్డు మీద ఇంటూ గుర్తు పక్కన సంతకం గీకి, పబ్బు తెరిచే వేళవుతోందని వెళ్లిపోయేవారు. మళ్లీ ఆ తలుపు తెరిచేవారు కాదు.

తొంభై నాలుగో సంవత్సరం మొదట్లో లండన్ బ్యాంకు ఒకటి మా సొసైటీని కలిపేసుకుంటానంది. సభ్యులు ఒప్పుకుంటే ఒక్కో సభ్యుడికి ఎనిమిది వందల పౌండ్లు. ఈ వార్త వచ్చిన రాత్రి వర్కర్ల క్లబ్బులో బీరు అయిపోయిందని చెప్పుకున్నారు. క్లబ్బు సెక్రటరీ క్లిఫర్డ్ ఆగ్డెన్ గొంతు పెద్దది, ఆలోచన దానికంటే చిన్నది. అతను బల్లెక్కి మాట్లాడాడట. అతనికి సముద్రం ఒడ్డున పెట్టుకునే కారవాన్ కావాలి. మేవిస్ భర్త స్టాన్‌కి పావురాల గూడు కావాలి, ఆకుపచ్చ రంగుదీ, కురవని కప్పుదీ. స్టాన్ పందెం పావురాల మనిషి. పాతికేళ్లుగా ఆ పావురాల పేర్లన్నీ అతనికి వచ్చుగానీ మా పేర్లు అప్పుడప్పుడూ మర్చిపోతాడు.

"ఒరే స్టాన్, మీ ఆవిడేమంటోంది?" అని క్లిఫర్డ్ అడిగాడట.

"వాన పడుతోందంటోంది" అన్నాడట స్టాన్.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. నా డ్రైయర్లు మూడూ మా అమ్మ కాలం నాటివి, వాటి కింద కూర్చున్నవాళ్లకి ఒక చెవి ఎర్రబడేది. ఎనిమిది వందలకి కొత్తవి వస్తాయి. బ్యాంకు వస్తే మాకొచ్చే నష్టమేమిటో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పక్క తలుపు అలాగే ఉంటుందనుకున్నాం. మేవిస్‌కి యాభై ఏడు. ఆ కౌంటరు పోతే ఆ వయసులో ఆవిడకి ఇంకో కౌంటరు దొరకదన్న సంగతి నాకు తట్టను కూడా లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇలాంటి కలయికలకి ప్రభుత్వం పెట్టిన కమిషన్ ఒకటి ఉంది. దాని రూళ్లు మూడు ముక్కల్లో చెప్తాను. ఓటు వేసినవాళ్లలో నలుగురికి ముగ్గురు ఔననాలి. అది చాలదు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఔననాలి. మూడోది, కౌంటరులో కూర్చున్నవాళ్లు ఎటు ఓటు వెయ్యాలో ఎవరికీ సలహా చెప్పకూడదు. ఈ మూడో రూలు చూసి మేవిస్ మొహంలో ఏ మార్పూ రాలేదు. పుట్టినప్పటినుంచి ఆవిడ పాటిస్తున్నది అదే.

మే నెలలో ఒక మంగళవారం పోస్టుమేన్ తెల్లటి లావుపాటి కవర్లు మోసుకొచ్చాడు. ఒక్కో కవర్లో ఒక పుస్తకం, ఒక ఓటు కాగితం. క్లిఫర్డ్ గడప దగ్గరే కాచుకుని ఉండి, కవరు లాక్కుని చించబోయాడు.

"ఎవరి పేరుందో చూసి చించు" అంది అతని పెళ్లాం నోరా. ఆవిడ గుమ్మంలో గిన్నె తుడుచుకుంటూ ఉంది.

శ్రీమతి నోరా ఆగ్డెన్ అని ఉంది. పొరపాటు పడ్డారనుకున్నాడు క్లిఫర్డ్. పక్కింట్లోనూ అంతే. వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కవర్లన్నీ శ్రీమతుల పేరునే వచ్చాయి. జాయింట్ ఖాతాలో సభ్యత్వం మొదటి పేరు వాళ్లదే, ఓటూ వాళ్లదే, ఎనిమిది వందలూ వాళ్లదే. ముప్పై నాలుగేళ్లుగా మేవిస్ రాసిన ప్రతి కార్డులోనూ మొదటి పేరు భార్యది.

క్లిఫర్డ్ ఎకాఎకీ సొసైటీకి వచ్చిపడ్డాడు. అప్పుడు నేను నాలుగో మనిషిగా వరసలో ఉన్నాను, దేవుడు నాయందు దయతలచాడు.

"మేవిస్, ఇదేం మోసం? ఇంటి యజమానిని నేను."

మేవిస్ సొరుగు తెరిచి కార్డు తీసి అతని వైపు తిప్పింది. "ఇది మీ సంతకమేగా."

"నాదే. డెబ్బై ఒకటిలో పెట్టా. చదవలేదు."

"చదవమని అన్నాను. పబ్బు తెరిచే టైమైందన్నారు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే అయుండాలి.

"నా ఓటు పోగొట్టావు నువ్వు" అన్నాడు క్లిఫర్డ్.

"మీ ఇంట్లోనే ఉంది. తరవాతివారు."

ఆ రోజు క్లబ్బులో మగవాళ్లంతా తలలు పట్టుకుని కూర్చుంటే ఒక్క స్టాన్ మాత్రం కాలరెగరేసుకుని తిరిగాడు. అతని కవరు అతని పేరునే వచ్చింది. "ఇంట్లో మగాడికి విలువంటూ ఉంటే ఇట్టా వస్తది" అని అందరికీ చూపించాడట. ఊరందరి పెళ్లాలనీ ముందు నిలబెట్టిన మనిషి తన పేరు వెనక పెట్టుకోవడమేమిటో నాకు అంతుపట్టలేదు. టీ కప్పు అందిస్తూ అడిగేశాను.

"ఎప్పుడో కొత్తల్లో రాసిందిలే" అంది మేవిస్. అని, పిప్పరమెంటు తీసుకోమంది. నేను ఎప్పుడడిగినా పిప్పరమెంటు ఇవ్వని మనిషి.

ఓటు చేతికొచ్చాక ఆడవాళ్లకి కొత్త చిక్కు వచ్చింది. పుస్తకం నూట నలభై పేజీలు. వాక్యం మొదలైన చోట ఒక పేజీ, ముగిసే చోట ఇంకో పేజీ. నోరా రోలర్లు చుట్టించుకుంటూ మూడు పేజీలు చదివి నా దువ్వెనల మీద పడేసింది.

"మేవిస్‌ని అడుగుదాం. ఆవిడకి తెలుసు."

"ఆవిడ చెప్పకూడదే. రూలుంది."

మధ్యాహ్నం మేవిస్ టీకి రాగానే నోరా అడగనే అడిగింది. మేవిస్ శాండ్‌విచ్ పొట్లం విప్పబోతూ ఆగి ఆలోచించింది. చేతిసంచిలోంచి కమిషన్ వారి రూళ్ల కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివింది.

"సలహా చెప్పకూడదని ఉంది. చదివి వినిపించకూడదని ఎక్కడా లేదు" అంది.

ఆ మర్నాటినుంచి పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా నా షాపులో పారాయణం. ఆవిడ అట్ట మీది అక్షరాల దగ్గర మొదలెట్టింది. అచ్చువేసినవాడి చిరునామా కూడా వదల్లేదు. గొంతు ఎక్కడా హెచ్చదు, తగ్గదు. "పైన చెప్పిన ఉపవిభాగం నాలుగుకు లోబడి" అన్నా, "గౌరవనీయులైన సభ్యులకు" అన్నా ఒకటే రాగం. డ్రైయర్ల చప్పుడులో వినపడదని నేను ఆ అరగంటా వాటిని ఆపేసేదాన్ని. ఆ వసంతంలో హాడెన్‌షాలో ఒక్కరి జుట్టూ సరిగ్గా నిలవలేదు, సగం తడి జుట్టుతోనే వెళ్లేవారు. అయినా రోజురోజుకీ జనం పెరిగారు. జుట్టు పని లేనివాళ్లు కూడా అల్లిక సంచులు పట్టుకుని వచ్చి, మెట్ల మీద కూర్చున్నారు.

తొమ్మిదో రోజు ఎనభై మూడో పేజీ వచ్చింది. మేవిస్ అదే గొంతుతో చదివింది: "విలీనం జరిగిన పన్నెండు నెలల లోపు హాడెన్‌షా కార్యాలయపు సేవలు లీడ్స్ కేంద్రానికి మార్చబడును. మిగిలిపోయిన కవర్లు, రశీదు పుస్తకాలు వాడుకలో ఉండవు."

"ఆగాగు" అంది నోరా. "ఆ పై ముక్క మళ్లీ చదువు."

మేవిస్ మళ్లీ చదివింది.

"అంటే పక్క తలుపు మూసేస్తారా?"

"అర్థం చెప్పడం కుదరదు నోరా. కావాలంటే మూడోసారి చదువుతా."

ఎవరూ మూడోసారి అడగలేదు. మేవిస్ పేజీ తిప్పింది. రెండు పేజీలు కలిసి తిరిగాయి. ఆవిడ వెనక్కి వచ్చి సరిచేసుకుని, ఎనభై నాలుగు మొదలెట్టింది. ఆ వేళ్లు నోట్ల కట్టలో ఒక్క కాగితం కూడా తప్పు తిప్పని వేళ్లు. అప్పుడు తెలిసింది నాకు, ఆ ముక్క ఆవిడ కూడా అప్పుడే మొదటిసారి చదివిందని. తన కౌంటరు పోతోందన్న కబురు తన నోటితోనే మాకు చెప్పింది, గొంతు మార్చకుండా. కెటిల్ పెట్టే నెపంతో లోపలికి వెళ్లాను.

ఆ తరవాత షాపులో వాదనలు మొదలయ్యాయి. అందరూ ఒక్క మాట మీద ఉన్నారని చెప్తే అబద్ధం అవుతుంది.

"లీడ్స్‌కి రెండు బస్సులు మారాలే. నా మోకాళ్లతోనా?"

"ఎనిమిది వందలొస్తే మోకాళ్లకి టాక్సీ పెట్టుకోవే."

"టాక్సీవాడు గొడుగు మర్చిపోయావని చెప్తాడా?"

మేవిస్ లేని వేళలోనే ఇవన్నీ. ఆవిడ అడుగు గుమ్మంలో పడగానే అందరం అల్లికల్లో తలలు దూర్చేవాళ్లం. ఇంటి దగ్గర వీళ్లకి వేరే పోరు. క్లిఫర్డ్ పొద్దున్నా సాయంత్రం కారవాన్ బొమ్మలు నోరా ముందు పరిచేవాడు. ఔనంటే కౌంటరు పోతుంది, కాదంటే ఇంట్లో నిద్రుండదు.

మగవాళ్లకి ఈ పారాయణం సంగతి తెలిసి, క్లిఫర్డ్ కమిషన్‌కి ఉత్తరం రాశాడు. పేర్లు తారుమారు చేసిందనీ, షాపులో కూర్చుని ఆడవాళ్లకి నూరిపోస్తోందనీ, ఈ ఓటు చెల్లదనీ. నేరం రుజువైతే మేవిస్ ఉద్యోగం ఓటింగు దాకా కూడా ఆగదు. పరువు మాట సరేసరి. ఆవిడ మాత్రం ఉత్తరం నకలు చదివి, అందులో ఒక చోట తేదీ లేదని చెప్పి ఫైల్లో పెట్టింది.

కమిషన్ తరఫున లండన్ నుంచి పిమ్ అనే ఆఫీసరు వచ్చాడు. చిన్న మనిషి, పెద్ద పెట్టె. రెండు రోజులు సొసైటీ వెనక గదిలో కూర్చుని కార్డులన్నీ తిరగేశాడు. మూడో రోజు ఆ గదిలో ఇద్దరికి మించి పట్టరని నా షాపులోనే విచారణ పెట్టాడు. షాపు మూసి, తలుపుకి గొళ్లెం పెట్టి, అతన్ని మధ్య డ్రైయర్ కింద కుర్చీలో కూర్చోబెట్టాను. అంతకంటే మంచి కుర్చీ నా దగ్గర లేదు.

ముందు నన్ను అడిగాడు. "మీ షాపులో ఈవిడ తన అభిప్రాయం ఎప్పుడైనా చెప్పారా?"

"సార్, ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ అభిప్రాయం కోసం ఊరంతా వెతుకుతోంది. మీకు దొరికితే మాకూ కాస్త చెప్పి వెళ్లండి."

అతను రాసుకోలేదు. మేవిస్ వైపు తిరిగాడు. "ఓల్డ్‌రాయిడ్ గారూ, రెండు వేల మూడు వందల పన్నెండు జాయింట్ కార్డులు చూశాను. భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టారు కాబట్టి తప్పు పట్టడానికి లేదు. కానీ భార్య పేరే ముందు ఎందుకు రాశారు?"

మేవిస్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెప్పదనుకున్నాను.

"మా నాన్న మిల్లులో దూది దువ్వే గదిలో పని చేసేవాడు సార్. నా పదకొండో ఏట పోయాడు. పాస్ పుస్తకంలో ఆయన పేరు ముందుంది. అప్పటి మేనేజరు పుస్తకం లోపల పెట్టుకుని, కాగితాలు వచ్చాక ఇస్తానన్నాడు. ఆరు వారాలు పట్టింది, అందాకా డబ్బు తియ్యడానికి లేదు. మా దగ్గర మనిషిని సాగనంపాక వచ్చినవాళ్లకి టీ పెట్టి పంది తొడమాంసం వడ్డించాలి. లేకపోతే చులకన. మా అమ్మ రొట్టెకి వెన్న రాసి పెట్టింది, అంతే. ఆ వెన్న కూడా పక్కింటిది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ మాత్రం చచ్చేదాకా ఆ రోజు మాట ఎత్తనివ్వలేదు."

"అందుకని..."

"ఇక్కడ ముందు పోయేది మగవాళ్లే సార్. దూది వాళ్ల ఛాతీల్లో ఉంటుంది. పుస్తకం ఎవరికి మిగులుతుందో వాళ్ల పేరు ముందు రాశాను. ఓటు గురించి అప్పుడు నాకు తెలియదు."

పిమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తరవాత పెట్టెలోంచి ఒక కార్డు తీశాడు. "ఒక్కటి తప్ప అన్నీ అలాగే ఉన్నాయి. ఈ ఒక్కదాంట్లో భర్త పేరు ముందుంది. అరవై ఎనిమిదిలో తెరిచారు, అంటే మీరు చేరిన ఎనిమిదేళ్లకి. ఇది మీది."

"అది పొరపాటు" అంది మేవిస్. ఆవిడ చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఆవిడ ఆ రోజు నా డ్రైయర్ కింద కూర్చోలేదు.

పిమ్ ఫిర్యాదు కొట్టేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "శాఖలు ఏమవుతాయో ఆ పుస్తకంలో దాచకుండా రాయాలని పట్టుబట్టి రూలు పెట్టించింది నేనే. అక్కడిదాకా చదివినవాళ్లని ఇవాళే చూశాను" అన్నాడు. అతనికి నేను ఉచితంగా జుట్టు కత్తిరిస్తానన్నాను గానీ, కత్తిరించడానికి ఎక్కువ లేదు.

జూన్‌లో ప్రార్థనామందిరం హాల్లో లెక్క చదివారు. మగవాళ్లు ఆదివారాలు పెట్టుకునే గట్టి కాలర్లతో ముందు వరసల్లో కూర్చున్నారు. ఓటు వేసినవాళ్లలో నలుగురికి ముగ్గురు పైనే ఔనన్నారని చదవగానే క్లిఫర్డ్ టోపీ ఎగరేశాడు. మేవిస్ వెనక బల్ల మీద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

లెక్క చదువుతున్నాయన ఇంకో కాగితం తీశాడు. మొత్తం సభ్యులు నాలుగు వేల నూట ఇరవై ఆరు. ఔనన్నవాళ్లు రెండు వేల పంతొమ్మిది. సగానికి నలభై నాలుగు తక్కువ. ప్రతిపాదన వీగిపోయింది.

క్లిఫర్డ్ టోపీ ఇంకా కింద పడే ఉంది. అతను మెల్లగా నోరా వైపు తిరిగాడు. "నువ్వు ఔనని వేశానన్నావుగా?"

"కాదని మాత్రం వెయ్యలేదు" అంది నోరా. "అసలు వెయ్యలేదు. గడియారం వెనకుంది."

హాలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఊళ్లో గడియారాల వెనక, టీ డబ్బాల్లో, దిండ్ల కింద పదిహేను వందల ఓటు కాగితాలు పడి ఉన్నాయి. ఊరు కాదని కూడా అనలేదు, ఊరికే మాట్లాడకుండా కూర్చుంది. అది ఎవరి దగ్గర నేర్చుకుందో నేను చెప్పక్కర్లేదు. నేను మాత్రం కాదనే వేసి పంపాను. నోరు మూసుకోవడం నాకు చేతకాదు. నా డ్రైయర్లు ఇప్పటికీ పాతవే, వచ్చినవాళ్లకి ఒక చెవి ఇప్పటికీ ఎర్రబడుతుంది.

ఆ శుక్రవారం వాన పడుతోంది. నేను సొసైటీలో వరసలో నిలబడ్డాను. నా ముందు తడిసిన టోపీ ఒకటి ఉంది. ఆ తలుపులోంచి మగవాడు రావడమే వింత, వచ్చినవాడు స్టాన్.

"తరవాతివారు" అని మేవిస్ తలెత్తింది. ఎత్తి, అలాగే ఉండిపోయింది. "ఏమయ్యా, ఏమైంది? పావురాలకేమన్నా..."

"పావురాలు బానే ఉన్నాయి." స్టాన్ టోపీ తీశాడు. చొక్కా లోపల్నుంచి వాళ్లిద్దరి పాస్ పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టాడు. "పేర్లు మార్చు. నీది ముందు, నాది తరవాత."

"ఎందుకు?"

"ఊళ్లో అందరికీ అట్టా ఎందుకు రాశావో ఆడ్రీ చెప్పింది."

నేను నేల వైపు చూశాను. చెప్పొద్దని ఆవిడ నాతో అనలేదు.

"నేనూ ఆ దూది గదిలో ఇరవై రెండేళ్లు చేసినోణ్ణే" అన్నాడు స్టాన్. మధ్యలో దగ్గాడు. "పొద్దున నా దగ్గు నువ్వు వింటూనే ఉంటావు. ముందు పోయేది నేనే. అప్పుడు నువ్వు వెన్న రొట్టె పెట్టుకుని కూచోకూడదు."

మేవిస్ పుస్తకం తీసుకుంది. తెరిచి, మొదటి పేజీలో ఆ పేరు చూసింది. పెన్సిలు తీసుకుంటుందనుకున్నాను. పుస్తకం మూసి అతని వైపు తోసింది.

"ఇది ఉన్నట్టే ఉంటుంది."

"మార్చకూడదని రూలా?"

"రూలు లేదు. నా అభిప్రాయం."

స్టాన్ అర్థం కానట్టు నిలబడ్డాడు. మిగిలేవాళ్ల పేరే ఆవిడ ముందు రాస్తుందని తరవాత గుర్తొచ్చింది. టోపీ రెండు చేతులా తిప్పుకుంటూ, "అరవై ఎనిమిది నుంచీనా?" అన్నాడు.

మేవిస్ స్టాంపు జరిపి సరిగ్గా పెట్టుకుంది. అతను జేబులో చెయ్యి పెట్టి నలిగిన కాగితం ఒకటి తీసి పుస్తకం పక్కన పెట్టాడు. అతని ఓటు కాగితం. దానికి చిన్న బూడిదరంగు ఈక అంటుకుని ఉంది.

"పోస్టు చెయ్యడం మర్చిపోయావా?"

"మర్చిపోతే జేబులో ఎందుకుంటది? నువ్వు పగలంతా ఇంట్లో ఉంటే నా పావురాలు బెదిరి తిరిగి రావు" అని, టోపీ పెట్టుకుని, పుస్తకం చొక్కాలో దోపుకుని బయల్దేరాడు.

"గొడుగు మర్చిపోతున్నావు" అంది మేవిస్.

అతను వెనక్కి వచ్చి గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ ఆ ఓటు కాగితాన్ని ఈకతో సహా మడిచి చేతిసంచిలో పిప్పరమెంట్ల పక్కన పెట్టుకుంది. కళ్లద్దాలు ఒకసారి తుడుచుకుంది.

"తరవాతివారు."

నేను ముందుకి జరిగి నా పుస్తకం ఇచ్చాను. ఆవిడ రాసి, స్టాంపు కొట్టి ఇచ్చింది. ఇంటికి వెళ్లాక చూస్తే జూన్ బదులు మార్చి అని వేసి ఉంది. దిద్దించుకోవడానికి నేను మళ్లీ వెళ్లలేదు.